పాత కారులో ఆరేళ్లుగా వాడుతున్న ఓబీడీ స్కానర్: నా అనుభవం

మాది 2013 చివర్లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఇప్పటికి 1,32,000 కిలోమీటర్లు తిరిగింది. మేముండేది విశాఖ లాసన్స్ బే కాలనీలో. షెడ్డు లేదు, కారు రాత్రంతా వీధిలోనే సముద్రపు గాలికి తడుస్తూ ఉంటుంది. ఆరేళ్ల క్రితం 900 రూపాయలకు ఒక బ్లూటూత్ స్కానర్ కొన్నాను, ఈఎల్‌ఎం327 చిప్ ఉండే రకం. కారు కంప్యూటర్ తనకు తెలిసిన లోపాలను కోడ్‌లుగా దాచుకునే ఏర్పాటును ఓబీడీ అంటారు, ఆ కోడ్‌లను ఈ స్కానర్ ఫోన్‌లో చూపిస్తుంది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. స్టీరింగ్ కింద మోకాలికి తగిలేచోట 16 పిన్నుల సాకెట్ ఉంటుంది కదా, దాన్లో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలు. మన దగ్గర బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) కార్లకు 2013 ఏప్రిల్ నుంచి రెండో తరం ఓబీడీ, అంటే ఓబీడీ-2 వచ్చింది కాబట్టి ఆ తర్వాత తయారైన కార్లకు ఇది పనికొస్తుంది. అంతకు ముందు కార్లయితే కనెక్ట్ అవుతుందో లేదో చూసుకుని కొనండి.

కొనడానికి కారణం ఒక దెబ్బ. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. పెద్ద స్కానర్ పెట్టి పి0171 అనే కోడ్ చూపించి, ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్‌ను కొలిచేది) పోయిందన్నారు. మార్పించాను, బిల్లు ఐదువేలు దాటింది. పది రోజులకు అదే లైటు మళ్లీ వెలిగింది. నిజానికి పి0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువగా మండుతోందని మాత్రమే అర్థం. ఆ సంగతి కనిపెట్టి చెప్పింది ఆక్సిజన్ సెన్సరే. చెప్పినవాడినే తీసి పారేశామన్నమాట. ఆ కోపంలోనే స్కానర్ కొన్నాను.

కోడ్ చదవడం రెండు నిమిషాల పని. అసలు విలువంతా లైవ్ డేటాలో ఉంది, ముఖ్యంగా ఫ్యూయల్ ట్రిమ్‌లో. లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలుకు కంప్యూటర్ ఎంత కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అది శాతంలో చూపిస్తుంది. సున్నాకు కాస్త అటూ ఇటూ ఉంటే బండి బాగున్నట్టు. 10 దాటి అక్కడే నిలిచిపోతే ఎక్కడో ఏదో ఉంది. మా కారు ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, ప్లస్ 21 చూపించింది. యాక్సిలరేటర్ నొక్కి 2500 ఆర్‌పీఎంలో నిలబెడితే 4కు దిగింది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి, దొంగదారిన వచ్చే కొంచెం గాలి కూడా పెద్ద వాటా అవుతుంది. వేగం పెరిగితే ఆ వాటా చిన్నదైపోతుంది. అంటే ఎక్కడో గొట్టం లీకవుతోంది. పొద్దున్నే వీధి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి చెవి పెడితే సన్నగా ‘స్స్’మని వినిపించింది. ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలి దారిలోకి పంపే పీసీవీ గొట్టం పైకి నల్లగా, నున్నగా బాగానే ఉంది. వేలితో కింది వైపు తడిమితే పగులు తగిలింది, పాత హవాయి చెప్పు మడతలో చీలినట్టు. కొత్త గొట్టం 180 రూపాయలు. ట్రిమ్ 3కు వచ్చింది, లైటు మళ్లీ రాలేదు. ఒక్క మాట: మా కారులో గాలిని కొలిచేది మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్. గాలిని ప్రెషర్ బట్టి అంచనా వేసే మ్యాప్ సెన్సర్ ఉన్న కార్లలో లీకు ఇంత స్పష్టంగా ట్రిమ్‌లో కనిపించకపోవచ్చు, ఐడిల్ పెరగడం లాంటివీ గమనించాలి.

రెండో పెద్ద సంఘటన అరకు దారిలో. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే బండి కుదుపు మొదలైంది, చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటోంది. నిలకడగా వెలిగే లైటు వేరు, మిణుకుమనేది వేరు. మిణుకుమంటే మిస్‌ఫైర్ అవుతోందని, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదని, ఆ మండని పెట్రోలు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తోందని. నాకది తెలిసి కూడా, వెనక పిల్లలున్నారని, ఆపడానికి చోటు లేదని నాలుగైదు కిలోమీటర్లు అలాగే లాగాను. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధపెడుతూనే ఉంది.

ఆపి చూస్తే పి0302. రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. ప్లగ్గా, దానికి కరెంటు ఇచ్చే కాయిలా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరా? మా మెకానిక్ అన్నకు ఫోన్ చేశాను. ‘ఏటి సార్, రెండో దాని కాయిల్ తీసి మూడో దానికి ఎట్టండి, మూడోది రెండోదానికి. కోడ్ మారిందేటో చూడండి’ అన్నాడు. అరగంట ఇంజిన్ చల్లారనిచ్చి, 10 నంబర్ స్పానర్‌తో రెండూ అటూ ఇటూ మార్చి స్టార్ట్ చేశాను. ఈసారి పి0303 వచ్చింది. జబ్బు కాయిల్‌తో పాటే నడిచి వెళ్లింది! ఎస్.కోట షాపు నుంచి కుర్రాడు బైకు మీద కొత్త కాయిల్ తెచ్చిచ్చాడు. సాయంత్రానికి అరకులో ఉన్నాం.

సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఇంకో మాట. రాత్రిపూట హెడ్‌లైట్లు, ఏసీ కలిపి వేస్తే ఎర్ర బ్యాటరీ లైటు వెలిగి ఆరుతుండేది. స్కానర్‌లో చూస్తే మామూలుగా 14.1 వోల్టులు, లోడ్ పడగానే 12.4. ఆల్టర్నేటర్ మార్చాలన్నారు. ఆక్సిజన్ సెన్సర్ గుర్తొచ్చి ఆగాను. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు బోల్టు విప్పితే కింద తెల్లగా, పచ్చగా పొడి, ఉప్పుగాలి చేసిన పని. ఎమరీ పేపర్‌తో రుద్ది, బిగించి, వాజిలీన్ రాశాను. ఇప్పుడు అన్నీ వేసినా 13.8 తగ్గదు. అప్పట్నుంచి మా ఇంట్లో ఏ లైటు వెలిగినా ముందు కనెక్టర్లు, ఎర్త్‌లే చూస్తాం.

ఇక లోపాలు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లను ఇది చదవలేదు, వాటికి గ్యారేజీకి వెళ్లాల్సిందే. సాకెట్‌లో వదిలేస్తే బ్యాటరీ తాగుతుంది, నాకు వారం రోజుల్లో దింపేసింది. ఆయిల్ ప్రెషర్ లైటుకు ఇది అస్సలు అక్కరకు రాదు. ఆ ఎర్ర లైటు వెలిగితే ఫోన్ తీయకుండా వెంటనే ఇంజిన్ ఆపేయండి, నిమిషాల్లో ఇంజిన్ పట్టేస్తుంది. కూలెంట్ బాగా కారిపోయినప్పుడు టెంపరేచర్ అంకెనూ నమ్మొద్దు, సెన్సర్ నీళ్లలో కాకుండా గాలిలో ఉంటుంది. యాప్‌లో ‘క్లియర్’ బటన్ నొక్కాలని చెయ్యి లాగుతుంది. ముందు కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. నొక్కితే లైటు వెలిగిన క్షణంలో ఎంత వేగం, ఎంత వేడి ఉన్నాయో ఆ వివరమంతా పోతుంది.

900 రూపాయలకు ఇంతకంటే ఎక్కువ తిరిగిచ్చిన వస్తువు నా దగ్గర లేదు. పాత కారున్న ప్రతి ఒక్కరికీ కొనమనే చెబుతాను.

పోయిన వారం పి0420 వచ్చింది. కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని దాని అర్థం. కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ అంకెలు ఊగడం మామూలే, వెనకది దాదాపు నిలకడగా ఉండాలి. మాది ఇప్పుడు రెండూ కలిసి ఊగుతున్నాయి. ఆ రోజు ఘాట్‌లో లాగిన ఫలితమేనేమో. కానీ సైలెన్సర్ జాయింట్ లీకైనా ఇదే కోడ్ రావచ్చు. ఆదివారం పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు జాకీ, స్టాండ్లు పెట్టి కింద మసి చారలు ఉన్నాయేమో చూడాలి.