పుంటికూర కాదు కాకా, మేపుల్: నల్గొండలో ఒక ఎరువుల షాపు గురించి

ఎరువులు, పురుగుమందుల షాపుకు రివ్యూ రాసే రోజొకటి వస్తుందని నేను అనుకోలేదు. నాకు గుంట భూమి కూడా లేదు. ఉన్నదల్లా రెండో అంతస్తులో తూర్పు వైపు బాల్కనీ, అందులో పన్నెండు కుండీలు, వాటిలో ఒకటి మేపుల్ బోన్సాయ్. రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తాను. పరీక్ష చేయకుండా మందు రాసేవాళ్ళంటే ఒళ్ళు మంట. ఈ షాపు నాకు నచ్చడానికి సగం కారణం అదే.

ముందు మొక్క సంగతి. మొన్న డిసెంబరులో హైదరాబాద్‌లో ఒక మొక్కల ప్రదర్శనకు వెళ్ళి 2,800 రూపాయలు పెట్టి కొన్నాను. జానెడున్నర ఎత్తు, వేలు లావు మొదలు. "జపాన్ మేపుల్ మేడం, ఎక్కడైనా పెరుగుతది" అన్నాడు అమ్మినతను. ఆ "ఎక్కడైనా" అన్న మాట దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని నల్గొండ దాకా తెచ్చాను. పక్క సీటు పెద్దావిడ నార్కట్‌పల్లి దాకా దాన్నే చూసి, దిగేముందు "గింత చెట్టుకు గంత కుండా?" అని అడిగి వెళ్ళింది.

ఫిబ్రవరిలో చిగురు వచ్చింది. ఎర్రటి ఆకులు, ఒక్కోదానికి ఐదేసి, ఏడేసి వేళ్ళు. జపాన్ భాషలో మేపుల్‌ను కయెదె అంటారు, కప్ప చెయ్యి అన్న మాట నుంచి వచ్చిందట. నిజంగానే కప్ప చెయ్యే. నెలరోజులు రోజూ పొద్దున టీ గ్లాసుతో దాని ముందే కూర్చున్నాను.

మార్చి ఆఖరుకు జబ్బు మొదలైంది. కొత్త ఆకులు పసుపుపచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. పాత ఆకులేమో దుమ్ము పట్టినట్టు వెలిసిపోయాయి, తుడిస్తే పోవడం లేదు. ఇవి చాలవన్నట్టు ఆకుల అంచులు అప్పడం మాడినట్టు గోధుమరంగులోకి తిరిగి, ముట్టుకుంటే పొడి అవుతున్నాయి.

అమ్మినతనికి ఫోటో పంపితే "నీళ్ళు ఎక్కువైనయ్ మేడం" అని జవాబు. ఇంటి దగ్గర్లో ఉన్న ఒక షాపుకు వెళితే, ఆకు చూడకుండానే తెగులు మందు, ఒక టానిక్, ఇంకో నల్లటి ద్రవం, మొత్తం మూడు సీసాలు చేతిలో పెట్టి 640 తీసుకున్నారు. మూడూ కలిపి ఆదివారం పదిగంటల ఎండలో కొట్టాను. అది నా తప్పే, వాళ్ళ మీద వేయను. సాయంత్రానికి మిగిలిన ఆకుల మీద కూడా మచ్చలు వచ్చాయి.

అప్పుడు మా ల్యాబ్‌లో శాంపిళ్ళు తెచ్చే తమ్ముడు చెప్పాడు, "అక్కా, మా బాపు బత్తాయి తోటకు ఏ రోగమొచ్చినా గడియారం దిక్కు ఒక కాకా ఉన్నడు, ఆయన దగ్గరికే పోతడు" అని. షాపు పేరు నేను రాయడం లేదు. కాకానే వద్దన్నాడు. అదే బజారులో బావమరిది షాపు కూడా ఉందట, "మాకు లొల్లి పెట్టకు బిడ్డా" అన్నాడు. గడియారం సెంటర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. బత్తాయి రైతులను ఎవరిని అడిగినా చెప్తారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు యాభై నిమిషాలు నిలబడ్డాను. రైతులు ముందు, కుండీలోళ్ళు తర్వాత. ఆయన లెక్క అది. నా వంతు రాగానే కవర్లోంచి నాలుగు ఆకులు తీసి కౌంటర్ మీద పెట్టాను. ఒకటి చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదకు ఎత్తి, "గిదేంది బిడ్డా, పుంటికూరనా?" అన్నాడు. పుంటికూరంటే గోంగూర.

"కాదు కాకా, మేపుల్."

"నేనైతే చూడలే. పత్తాకు లెక్కనే ఉన్నది." ఆ తర్వాత మందుల అల్మరా వైపు తలైనా తిప్పకుండా వరసగా అడిగాడు. పసుపు కొత్తాకుల మొదలైందా, పాతాకులనా? నీళ్ళు ఏడికెల్లి పోస్తున్నవ్, బోరా, నల్లానా? పోసిన నీళ్ళు కుండీ కింద ఎంతసేపట్ల దిగుతున్నయ్? ఏ మందు కొట్టినవ్, ఏ టైంల కొట్టినవ్? చివరి దానికి నేను జవాబు చెప్తుంటే పక్కనున్న ఇద్దరు రైతులు నవ్వారు. పదిగంటల ఎండలో ఎవరైనా మందు కొడతారా అని.

పసుపు ఎక్కడ మొదలైందో ఎందుకు అడిగాడంటే, నత్రజని తక్కువైతే చెట్టు పాత ఆకులోంచి తీసి కొత్త ఆకుకు ఇచ్చుకుంటుంది. మెగ్నీషియం కూడా అంతే. అందుకని పాత ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుము అట్లా కదలదు. పాత ఆకులో ఉన్నది అక్కడే ఉండిపోతుంది, చిగురుకు కొత్తగా వేరు నుంచే రావాలి. రాకపోతే చిగురు పసుపు, ఈనెలు పచ్చ. బత్తాయిలో ఇది కాకా వేలసార్లు చూసిన బొమ్మ. "మట్టి ఏ రంగు?" అని అడిగాడు. ఎర్రమట్టే అన్నాను. "ఎర్రమట్టి ఎర్రగ ఉండేదే ఇనుముతోని. ఇంట్ల బియ్యం ఉన్నయ్, గుమ్మికి తాళం ఉన్నది. ఆ తాళం నీ బోరు నీళ్ళు."

నల్గొండ బోరు నీళ్ళనగానే మనందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. నేనూ అదే అన్నాను. "ప్రతిదానికీ ఫ్లోరైడ్ అనకు. నీ బకెట్ అంచుకు తెల్లగ పొరలు కడ్తలేవా? ముందు ఆ ఉప్పు సంగతి చూడు" అన్నాడు. ఇంటికి వెళ్ళి చూస్తే బకెట్‌కే కాదు, కుండీ అంచుకూ తెల్లటి గీత ఉంది. మర్నాడు ల్యాబ్‌కు నీళ్ళ క్యాన్లు వేసే అబ్బాయి దగ్గర టీడీఎస్ మీటరు, అంటే నీళ్ళలో కరిగిన ఉప్పును చూపించేది, తీసుకుని కొలిచాను. మా బోరు 1,140. మిషన్ భగీరథ నల్లా 260. క్షారం ఎంతుందో చూద్దామని ల్యాబ్‌లో యూరిన్ స్ట్రిప్ ఒకటి బోరు నీళ్ళలో ముంచాను. అది మూత్రానికి చేసింది, నీళ్ళకు కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా పీహెచ్ గడి నారింజ, పచ్చ అన్నీ దాటి నీలంలోకి వెళ్ళి కూర్చుంది. అందాజుకు అది చాలు. అంత క్షారంలో ఇనుము కరగదు, మట్టిలో ఎంత ఉన్నా వేరుకు అందదు. ఆకుల అంచు మాడడంలోనూ ఆ ఉప్పుకు వాటా ఉంది. మిగతా వాటా వడగాలిది.

వెలిసిపోయిన పాత ఆకుల విషయంలో కాకా చేసిన పని చూడాలి. బిల్లు పుస్తకంలోంచి తెల్లకాగితం ఒకటి చింపి, ఆకును దాని మీద పట్టుకుని వేలితో నాలుగుసార్లు కొట్టాడు. మిరియప్పొడి లాంటి చుక్కలు రాలాయి. "ఇప్పుడు ఆగు" అన్నాడు. అర నిమిషం గడిచాక రెండు చుక్కలు నడవడం మొదలుపెట్టాయి. వేలితో నలిపితే కాగితం మీద ఇటుక రంగు గీత పడింది. "నల్లి. తెగులు మందుకు ఇది సస్తదా?" మంచంలో ఉండే నల్లి కాదు, ఆకుల మీద బతికే నల్లి. చావదు, తెగులు మందు బూజు తెగుళ్ళకు కొట్టేది. 640 రూపాయల్లో ఆ సీసా ఖర్చు అంతా వృథా అన్నమాట.

నాకు నమ్మకం కుదరక ఆ ఆకును ల్యాబ్‌కు తీసుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాను. అది చూశాక మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఆకు అడుగున సన్నటి సాలెదారాలు, వాటి మధ్య గుండ్రటి గుడ్లు, అచ్చం ఉడికిన సగ్గుబియ్యం. ఎనిమిది కాళ్ళ జీవి ఒకటి, ఒంటికి అటూ ఇటూ రెండు నల్లమచ్చలతో, నా సూది మొన పక్కనుంచే తాపీగా నడిచిపోయింది. పురుగు కాదు, సాలీడు జాతి. అందుకే పురుగుమందులు చాలావరకు దీని మీద పనిచేయవు, పైగా దీన్ని తినే మంచి పురుగులను చంపి దీనికి దారి చేస్తాయి.

ఇక వైద్యం. ఇక్కడే నాకు ఆశ్చర్యం. పత్తికి కొట్టే నల్లి మందు సీసా ఆయన వెనక అల్మరాలోనే ఉంది, అడిగాను కూడా. ఇవ్వలేదు. "బాల్కనీల, పిల్లలు తిరిగే కాడ గా మందెందుకు?" గంధకం పొడి ఇమ్మంటే అదీ వద్దన్నాడు. గంధకం నల్లికి మంచి మందే, కానీ ఇంత ఎండలో కొడితే ఆకు కాలుతుంది. చివరికి ఆయన అమ్మింది 115 రూపాయల సరుకు: వేపనూనె చిన్న సీసా 90, అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) 100 గ్రాములు 10, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 15.

వాడిన పద్ధతి రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందేమో. మొదటి వారం మందే లేదు. మూడు రోజులకోసారి కుండీని బాత్రూంలోకి తీసుకెళ్ళి, మట్టికి కవర్ కట్టి, మొక్కను పక్కకు వంచి ఆకుల అడుగున నీళ్ళు గట్టిగా కొట్టడం. నల్లికి దుమ్మూ పొడి గాలీ ఇష్టం, ఈ కడుగుడుకే సగం పోయాయి. తర్వాత లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు, పొద్దు గూకాక ఆకు అడుగున తడిసేలా. గుడ్లన్నీ వీటికి చావవు, మిగిలినవాటిని పిల్లలయ్యాక పట్టుకోవాలి, కాబట్టి ఆరు రోజులకోసారి మూడుసార్లు.

అన్నభేది బత్తాయికి లీటరుకు ఐదు గ్రాములు కొడతారు, అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి. నిమ్మ ఉప్పు లేకపోతే ఇనుము నీళ్ళలోనే తుప్పులా విరిగిపోతుంది. "నీది లేతాకు, రెండే గ్రాములెయ్" అన్నాడు కాకా. ముందు ఒక కొమ్మ మీద కొట్టి రెండు రోజులు ఆగి చూసి, మిగతా చెట్టుకు కొట్టాను. ఒక హెచ్చరిక: బాల్కనీ టైల్స్ మీద పడితే తుప్పు మరక పోదు. నాకు మూడు ఉన్నాయి, మా ఆయన వాటిని రోజూ లెక్కపెడుతున్నాడు.

ఇవన్నీ పైపై మందులే, అసలు మందు నీళ్ళు మార్చడమని కాకా రెండుసార్లు చెప్పాడు. బోరు పూర్తిగా ఆపేశాను. నల్లా నీళ్ళు ఒక రాత్రి బకెట్‌లో పెట్టి పోస్తున్నాను. వారానికోసారి కుండీ కిందనుంచి బాగా కారేదాకా పోసి ఉప్పును కడిగేస్తున్నాను.

తక్కువ మార్కులు వేయాల్సినవీ ఉన్నాయి. అన్నభేది, నిమ్మ ఉప్పు రెండూ న్యూస్‌పేపర్ పొట్లాల్లో కట్టిచ్చాడు, పేరు రాయలేదు. ఒకటి లేత ఆకుపచ్చ, ఒకటి తెలుపు కాబట్టి నాకు తెలిసింది. వంటింట్లో ఆ తెల్లది ఎవరైనా ఉప్పనుకుంటే? ల్యాబ్‌లో పేరు రాయని ట్యూబు కనిపిస్తే నేనైతే నేరుగా చెత్తబుట్టలో వేస్తాను. బిల్లు అడిగితేనే ఇస్తాడు, అదీ విసుక్కుంటూ.

ఇంకో పొరపాటు కూడా ఆయనదే. "చెట్టన్నంక ఎండ కావాలె, డాబా మీద పెట్టు" అన్నాడు. బత్తాయికి అది నిజమే. మేపుల్‌కు మన ఏప్రిల్ ఎండ శత్రువు. రెండు రోజులకే కొత్త ఆకులు రెండు చివరల నుంచి మాడిపోయాయి. వెంటనే కిందకు దించి, పొద్దున తొమ్మిది దాకా మాత్రమే ఎండ తగిలే మూలలో పెట్టి, ముందు గ్రీన్ నెట్ కట్టి, కుండీకి తడి గోనెసంచి చుట్టాను. తర్వాత వెళ్ళి చెప్తే, "అట్లనా, నాకు ఎరుక లేదు బిడ్డా" అని ఒప్పుకున్నాడు. ఎరుక లేదని చెప్పే షాపతన్ని నేను ఈయన్నే చూశాను.

కుండీ మార్చాలా అని అడిగితే మాత్రం గట్టిగా వద్దన్నాడు. మట్టిని పక్కనుంచి కొంచెం తీసి చూశాను, వేర్లు గట్టిగా, లేత గోధుమరంగులో ఉన్నాయి, వాసన లేదు. నల్లగా మెత్తగా ఉంటే కుళ్ళు. అమ్మినతను అన్న "నీళ్ళు ఎక్కువైనయ్" అక్కడితో తేలిపోయింది. అయితే మట్టి మాత్రం జిగురుగా ఉంది. జనవరిలో, మొగ్గ విచ్చకముందు, జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు, దొడ్డు ఇసుక కలిపి మారుస్తాను.

రోహిణి కార్తె వెళ్ళి మిరుగు వచ్చింది. చెట్టుకు ఇప్పుడు పంతొమ్మిది ఆకులు, కొత్తవి పదకొండు, అన్నీ పచ్చగానే ఉన్నాయి. మాడిన పాతవాటి అంచులు మళ్ళీ పచ్చబడవు, వాటిని అట్లాగే ఉంచాను, ఉన్నంత పచ్చదనం చెట్టుకు తిండే కదా. ఇది నాలుగైదేళ్ళు బతుకుతుందా అంటే నాకు నమ్మకం తక్కువ. మేపుల్‌కు చలికాలంలో నెలల తరబడి నిద్ర కావాలి, మన చలి దానికి కునుకు కిందికి కూడా రాదు. కాకా కూడా అదే, "గిది కశ్మీరు సేపు చెట్టు లెక్క. నల్గొండల బోన్సాయ్ కావాలంటే చింతనో జువ్వినో పెట్టుకో" అన్నాడు. చింతగింజలు నానబెట్టాను కానీ మేపుల్‌ను వదలను.

షాపుకు నాలుగు నక్షత్రాలు. ఐదోది పొట్లాల మీద పేరు రాసిన రోజు ఇస్తాను. వెళ్ళేవాళ్ళు పదకొండు లోపు వెళ్ళండి, వానలు పడ్డాక పత్తి విత్తనాల రద్దీలో మనల్ని చూడడు. కొత్త ఆకు ఒకటి, పాత ఆకు ఒకటి తప్పకుండా తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ కవర్లో కాదు, చెమట పట్టి నల్లులన్నీ కవర్‌కు అతుక్కుంటాయి, కాగితంలో మడిచి తీసుకెళ్ళండి. మీరు పోసే నీళ్ళు కూడా ఒక సీసాలో పట్టుకెళ్తే మంచిది. ఫోన్లో ఫోటో మాత్రం చూపించకండి. నేను చూపించబోతే, "ఫోటోకు మందు కొట్టాల్నా?" అని నా తర్వాతి మనిషిని పిలిచాడు.