టెలికాస్టర్ తరహా గిటార్ కిట్: ఇంట్లో కట్టుకోవాలనుకుంటే కొనొచ్చా?

ఆన్‌లైన్‌లో పదివేల లోపు దొరికే టెలికాస్టర్ (ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటారు) తరహా కిట్, అంటే విడిభాగాల పెట్టె, ఒకటి తెప్పించుకుని ఇంట్లోనే కట్టాను. కొన్ని నెలలు వాయించాక, ఎండాకాలం ఒకటి దాటించాక ఇది రాస్తున్నాను. అమ్మినవాళ్ల పేరు రాయట్లేదు. ఇలాంటి కిట్లు రకరకాల పేర్లతో వస్తున్నాయి, నేను చెప్పే విషయాలు వాటిలో చాలావాటికి వర్తిస్తాయి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. చవగ్గా గిటారు కావాలంటే దీన్ని కొనకండి, అదే డబ్బుకి ఇంకొంచెం కలిపితే ఫ్యాక్టరీలో కట్టి, ట్యూన్ చేసుకుని వాయించుకునే గిటారు ఇంటికొస్తుంది. గిటారు ఎందుకు మోగుతుందో, ఎందుకు అపస్వరం పలుకుతుందో మీ చేతులతో తెలుసుకోవాలని ఉంటే మాత్రం కొనండి, నేనైతే మళ్లీ కొంటాను. కాకపోతే ప్రకటనలో రాసినట్టు "ఒక్క సాయంత్రంలో బిగించేయొచ్చు" అనేది నమ్మొద్దు. బిగించడం సాయంత్రంలో అయిపోతుంది నిజమే, కానీ బిగించినంత మాత్రాన అది వాయించుకునే గిటారు అవదు. ఫ్రెట్లు (గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, వీణ మెట్ల లాంటివి), నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాడుల ముక్క) సరిచేసే పని ఒకటి మిగిలి ఉంటుంది, దాని గురించి పెట్టెలోని కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు. ఈ కిట్ మీద నా పెద్ద ఫిర్యాదు అదే.

మొదటిసారి కట్టేవాళ్లు ఏ ఆకారం తీసుకోవాలి అంటే, కళ్లు మూసుకుని టెలికాస్టర్ తరహా తీసుకోండి. లియో ఫెండర్ 1950లో దీన్ని బయటికి తెచ్చినప్పుడే ఫ్యాక్టరీలో తొందరగా కట్టడానికి, పాడైతే సులువుగా విప్పడానికి వీలుగా గీశాడు. (అప్పుడు దాని పేరు బ్రాడ్‌కాస్టర్. గ్రెచ్ కంపెనీ వాళ్లకి అలాంటి పేరుతోనే డ్రమ్ములు ఉండటంతో అభ్యంతరం చెప్పారు, 1951లో టెలికాస్టర్ అయింది.) బాడీ అంటే చదునైన చెక్క పలక, వంపులు లేవు. నెక్, అంటే తీగలు నొక్కే పొడుగాటి మెడ, నాలుగు స్క్రూలతో బిగుస్తుంది, వెనక్కి వంచి కోణంలో అతికించే పని లేదు. లెస్ పాల్ (గిబ్సన్ కంపెనీ గిటారు) తరహా కిట్లు చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ వాటిలో నెక్ జిగురుతో, కోణంలో అతకాలి. ఆ కోణం కాస్త తప్పినా బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) ఎత్తు సరిపోదు, జిగురు ఆరాక చేయగలిగిందేమీ ఉండదు. ఇక్కడ నచ్చకపోతే స్క్రూలు విప్పి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

పెట్టెలో వచ్చినవి: గాడులు కోసిన బాడీ, ఫ్రెట్లు దిగగొట్టిన మేపుల్ నెక్, రెండు పికప్‌లు (తీగల కదలికని పట్టుకునే భాగాలు), బ్రిడ్జి, ట్యూనర్లు (తీగలు బిగించే చెవులు), కంట్రోల్ ప్లేటు, తీగలు, స్క్రూల సంచి. బాడీ బాస్‌వుడ్, బాగా తేలిక. మా వీధి చివర వడ్రంగి పనిచేసే అన్నకి చూపిస్తే గోటితో నొక్కి చూసి, "శాన మెత్తగుంది సార్, తొలిచి పెట్టకుండ స్క్రూ ఎక్కిస్తే నోరు పగులుతది" అన్నాడు. ఆయన చెప్పినట్టే ప్రతి స్క్రూకీ ముందు సన్నటి రంధ్రం వేసి, స్క్రూ మరకి కొవ్వొత్తి మైనం రాసి ఎక్కించాను. నెక్ చెక్క గట్టిది కదా, అక్కడ ఈ పని ఇంకా ముఖ్యం, మైనం లేకుండా బలవంతంగా తిప్పితే స్క్రూ తల తెగి మిగతా ముక్క లోపలే ఉండిపోతుంది. కిట్లతో వచ్చే స్క్రూల ఇనుము మెత్తన, వాటిని పక్కన పడేసి సికింద్రాబాద్ రాణీగంజ్‌లో మంచివి కొనుక్కోవడం మేలు.

నెక్ కూర్చునే గాడి కాస్త వదులుగా ఉంది, ఓ పక్క పోస్టుకార్డు దూరేంత సందు. ఇది తప్పే, కానీ పనికి అడ్డం వచ్చేంత తప్పు కాదు. నట్ రెండు చివర్ల నుంచి బ్రిడ్జి దాకా రెండు దారాలు లాగి కట్టి, అవి ఫింగర్‌బోర్డు (నెక్ మీద ఫ్రెట్లుండే పై పలక) అంచులకి రెండు వైపులా సమాన దూరంలో ఉండేలా నెక్‌ని జరిపి, అలాగే పట్టుకుని స్క్రూలు బిగించాలి. ఫింగర్‌బోర్డుని రోజ్‌వుడ్ అని రాశారు, తడిగుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకి అంటింది. వేరే చెక్కకి రంగు పూశారన్నమాట. చెక్క ఏదైనా నాకు అభ్యంతరం లేదు, 2017 మొదట్లో రోజ్‌వుడ్ జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు వచ్చినప్పుడు పెద్ద కంపెనీలే వేరే చెక్కలకి మారాయి, కానీ ఆ సంగతి వాళ్లు దాచలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే సరిపోయేది.

ఇప్పుడు ఫ్రెట్ల సంగతి. గిటారులో ఫ్రెట్ల దూరాలు లెక్కతో వస్తాయి. ఈ నెక్‌కి స్కేలు, అంటే నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు, 25.5 అంగుళాలు, అంటే 648 మి.మీ. దాన్ని 17.817తో భాగిస్తే 36.37 వస్తుంది, నట్ నుంచి మొదటి ఫ్రెట్ అంత దూరం. మిగిలిన పొడవుని మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే మొదటిదాని నుంచి రెండోదానికి దూరం, అలా వెళ్తే పన్నెండోది సరిగ్గా సగంలో 324 దగ్గర పడుతుంది. కొలబద్ద పెట్టి కొలిచాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి, మెషీన్ కోత కాబట్టి ఇందులో తేడా రాదు. మన బొబ్బిలి, నూజివీడు వీణలకైతే పనస చెక్క దండి మీద మైనం పోసి, మెట్లు ఒక్కొక్కటే చెవితో వింటూ నిలబెడతారు. స్వరం తప్పితే మైనం కదిలించి మెట్టు జరపొచ్చు. ఏళ్లు గడిచాక మళ్లీ మేళం కట్టించుకోవచ్చు, అంటే మెట్లన్నీ కొత్తగా నిలబెట్టించుకోవచ్చు. గిటారుకి ఆ వెసులుబాటు లేదు, గాడి కోసి దిగగొట్టిన ఫ్రెట్ అక్కడే ఉంటుంది, మనం సరిచేయగలిగింది ఎత్తు ఒక్కటే.

ఆ ఎత్తే ఈ కిట్‌లో బాగా లేదు. తీగలెక్కించి వాయిస్తే ఏడో ఫ్రెట్ నుంచి పదో ఫ్రెట్ దాకా జరజర శబ్దం, పద్నాలుగు దగ్గర తీగ వంచితే స్వరం మధ్యలోనే చచ్చిపోయేది. ఒక ఫ్రెట్ పక్కదాని కంటే వెంట్రుకవాసి ఎత్తున్నా చాలు, వెనక ఫ్రెట్ మీద నొక్కిన తీగ దానికి తగిలేస్తుంది. బ్రిడ్జి ఎత్తు పెంచి ఆ శబ్దం పోగొట్టొచ్చు, చాలామంది అదే చేసి ఊరుకుంటారు, అప్పుడు తీగలు ఎత్తులో ఉండి వేళ్లు నొప్పెట్టి రెండు వారాల్లో గిటారు మూలకి చేరుతుంది.

సరిచేయాలంటే ముందు ట్రస్ రాడ్ తిప్పి నెక్‌ని నిటారుగా తేవాలి. ట్రస్ రాడ్ అంటే నెక్ లోపలుండే ఇనుప కడ్డీ, తీగల లాగుడుకి నెక్ ముందుకి వంగకుండా అది ఎదురు లాగుతుంది, కుడివైపుకి తిప్పితే బిగుసుకుంటుంది. పావు వంతు తిప్పి ఆగి చూసుకోండి, ఒకేసారి ఎక్కువ తిప్పొద్దు. తర్వాత చెక్క మీద మాస్కింగ్ టేపు అంటించి, ఫ్రెట్ల తలలన్నిటికీ నల్ల మార్కర్ పూయాలి. బాగా చదునైన అల్యూమినియం పట్టీకి 400 నంబరు ఎమెరీ పేపర్ అంటించి, నెక్ పొడవునా బరువు వేయకుండా తోస్తూ పోతే ఎత్తున్న ఫ్రెట్ల మీద నలుపు ముందు పోతుంది, పల్లంలో ఉన్నవాటి మీద ఉండిపోతుంది. అన్నిటి మీదా నలుపు పోయిన క్షణంలో ఆపేయాలి. ఇప్పుడు తలలు చదునైపోయి ఉంటాయి, వాటిని మళ్లీ గుండ్రం చేయడానికి ప్రత్యేకమైన ఆకురాయి ఉంటుంది, క్రౌనింగ్ ఫైల్ అంటారు. ఈ ఒక్క పనిముట్టు కోసం మాత్రం వెనకాడకండి. ఆ తర్వాత 600 నుంచి 2000 దాకా ఎమెరీ పేపర్లు, ఆఖర్న మెటల్ పాలిష్. ఓపిక పరీక్షించే పని, చేతులు నల్లగా అవుతాయి, కానీ ఇది పూర్తయి మళ్లీ తీగలెక్కించినప్పుడు అదే చెక్క, అదే చవక పికప్, చేతిలో వేరే గిటారు ఉన్నట్టు వాయించాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.6 మి.మీ.కి దించినా ఎక్కడా శబ్దం లేదు.

నట్ కూడా ఇంతే. ప్లాస్టిక్ ముక్క, గాడులు పైపైన కోశారు. మూడో ఫ్రెట్ వెనక తీగని నొక్కి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందుందో చూడండి, సన్నటి కాగితం దూరేంత ఉంటే చాలు. నాకు వచ్చినదానిలో దానికి ఎన్నో రెట్లుంది, అందుకే ఓపెన్ కార్డులన్నీ (కొన్ని తీగలు నొక్కి, కొన్ని వదిలేసి కలిపి మీటేవి) కాస్త అపస్వరంగా పలికాయి, స్వరం కొలిచే ట్యూనర్ పెట్టి నొక్కని తీగ చూస్తే మాత్రం సరిగ్గానే ఉందని చూపించేది. ఎముకతో చేసిన నట్ విడిగా తెప్పించుకుని సన్న ఆకురాళ్లతో గాడులు కోసుకున్నాను.

ఎలక్ట్రానిక్స్ దగ్గర తేలిగ్గా బయటపడ్డాను. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ వేల చుట్లు, పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్లలో చిన్న కరెంటు పుడుతుంది, నైలాన్ తీగలు వేస్తే ఏమీ వినపడదు. కిట్‌లోవి సిరామిక్ అయస్కాంతం ఉన్నవి, కాస్త కరకుగా ఉన్నా పనికిరానివేం కాదు. వాల్యూమ్, టోన్ పాట్లు (తిప్పితే నిరోధం మారే భాగాలు) 500 కిలో ఓములవి ఇచ్చారు, ఇలాంటి సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లకి 250వి పెడితే పై స్వరాల్లో కరకుదనం తగ్గుతుంది, కోఠి గుజరాతీ గల్లీలో వెతికి రెండు ఆడియో టేపర్ (తిప్పేకొద్దీ శబ్దం చెవికి సమంగా మారే రకం) పాట్లు, ఒక 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ తెచ్చి మార్చాను. చవకలో పెద్ద తేడా చూపించేది ఇదే. పాట్ వీపు మీద గ్రౌండ్ తీగ అతికేటప్పుడు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలదు, లోహం వేడిని లాగేసుకుంటుంది, అతుకు పైకి బానే కనిపించి తర్వాత ఊడిపోతుంది, 40 వాట్లదైనా ఉండాలి. బ్రిడ్జి కింద నుంచి గ్రౌండ్ తీగ వెళ్లాలి, అది లేకపోతే తీగ మీద చెయ్యి పడినా హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే శబ్దం) తగ్గదు. గాడుల లోపల రాగి రేకు టేపు అంటిస్తే ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్లు, ట్యూబులైట్ల గీ శబ్దం బాగా తగ్గింది. సింగిల్ కాయిల్‌కి సహజంగా ఉండే 50 హెర్ట్జ్ హమ్ మాత్రం పూర్తిగా పోదు, దాన్ని పోగొట్టడానికే సెత్ లవర్ 1955లో గిబ్సన్‌లో హమ్‌బకర్ అనే రెండు చుట్టల పికప్ తయారుచేశాడు.

రెండు పికప్‌లూ కలిపినప్పుడు శబ్దం సన్నగా, లోపల ఏదో లోపించినట్టు వస్తే ఒకదాని వైర్లు రెండూ తిరగేసి అతకాలి. తిరగేసేది నెక్ పికప్‌వైతే, దాని లోహపు మూత గ్రౌండ్ తీగకే కలిసి ఉంటుంది కాబట్టి ముందు దాన్ని విడదీసి వేరే తీగతో గ్రౌండ్‌కి కలపాలి.

రంగు విషయంలో నా సలహా ఒక్కటే, వానాకాలంలో వేయొద్దు. గాలిలో తేమ ఉన్నప్పుడు ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లక్కర్ కొడితే పాలు పోసినట్టు తెల్లబడుతుంది. చెక్క రంధ్రాలు మూసే సాండింగ్ సీలర్, దాని మీద సన్నటి పూతలు, పూతకీ పూతకీ మధ్య ఆరనివ్వడం, అంతే. మాస్కు పెట్టుకుని, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి, లక్కర్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది.

ఇంట్లో చోటు లేదు, పెద్ద మెషీన్లు లేవు అని వెనక్కి తగ్గేవాళ్లకి క్వీన్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే సంగతి చెప్పాలి. 1963లో, ఇంకా స్కూల్లో చదువుకుంటున్నప్పుడు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు అయిన తండ్రితో కలిసి లండన్ శివార్లలోని ఇంట్లో గిటారు కట్టడం మొదలుపెట్టాడు. నెక్ పాత చలిమంట గూటి పైచెక్కతో చేశారు. ట్రెమొలోకి (తీగల బిగువు మార్చి స్వరం ఊపే మీట) మోటార్‌సైకిల్ ఇంజన్ వాల్వు స్ప్రింగులు, ఫ్రెట్ల మధ్య గుర్తులకి అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు. ఆ గిటారునే దశాబ్దాల పాటు స్టేజీ మీద వాయించాడు. మనవైపు చూస్తే పాలకొల్లు వాడైన మాండొలిన్ శ్రీనివాస్ నిండు చెక్కతో చేసిన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే గమకాలన్నీ పలికించాడు. నిండు చెక్కకి కర్ణాటక సంగీతం రాదని అనేవాళ్లకి ఆయన వాయించిందే జవాబు. అందుకే ఇలాంటి కిట్ ఒకటి కట్టాక ఆగొద్దు, టేకు ముక్కో మామిడి పలకో తెచ్చుకుని రెండో బాడీ మీరే కోసుకోండి, నెక్ ఒక్కటి కొంటే చాలు.

ఖర్చు దగ్గర స్పష్టంగా ఉండండి. క్రౌనింగ్ ఫైల్, నట్ ఆకురాళ్లు, సోల్డరింగ్ ఐరన్, ఎమెరీ పేపర్లు, ఎముక నట్, పాట్లు అన్నీ కలిపితే కిట్ ధరకి దగ్గర దగ్గరగా వెళ్తుంది. పనిముట్లు మిగిలిపోతాయి కాబట్టి రెండో గిటారుకి ఆ ఖర్చుండదు, స్నేహితుల గిటార్లు కూడా మీ దగ్గరికే వస్తాయి. ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కుంటే ఇంకా మంచిది.

మొత్తానికి నా లెక్కలో నెక్ చెక్కకీ, ఫ్రెట్ల దూరాలకీ మంచి మార్కులు. బాడీ, పికప్‌లు పర్వాలేదు. ట్యూనర్లు కొంచెం జారుతున్నాయి గానీ తీగని సరిగ్గా చుడితే నిలుస్తున్నాయి. నట్, స్క్రూలు, పెట్టెలో వచ్చిన తీగలు పడేయాల్సినవే. తీగలు విడిగా 009 సెట్ (అన్నిటికంటే సన్న తీగ 0.009 అంగుళాలది) తెచ్చుకోండి, అవి వేసి ఒకరోజు వదిలేశాక ఇంటొనేషన్, అంటే నెక్ పొడవునా స్వరం సరిగ్గా ఉందో లేదో, చూసుకోండి: పన్నెండో ఫ్రెట్ మీద నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే ఎక్కువ వస్తే శాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరపాలి, తక్కువ వస్తే ముందుకి. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో చెక్క ఆరిపోయి ఫ్రెట్ల చివర్లు పక్కలకి పొడుచుకొస్తాయి, అరచేతికి గుచ్చుకుంటుంటే నెక్ పక్కన ఆకురాయితో మెల్లగా రాసేయండి. విశాఖ లాంటి తీరం ఊళ్లలో ఉన్నవాళ్లకి ఈ బాధ తక్కువ, అక్కడ తుప్పు ఎక్కువ, వాయించాక తీగలు తుడిచి పెట్టుకోవాలి.