రోబోహెల్ప్: చాలా ఏళ్లు వాడాక నా అభిప్రాయం

హైదరాబాద్‌లో టెక్నికల్ రైటర్‌గా చాలా ఏళ్లు రోబోహెల్ప్‌తోనే పని చేశాను. సాఫ్ట్‌వేర్లకు హెల్ప్ పేజీలు, మాన్యువళ్లు తయారుచేసే టూల్ ఇది. ఈ టూల్ ఇంకెన్నాళ్లు ఉంటుందని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. ఆ అనుమానం ఇప్పటిది కాదు. 1992లో బ్లూ స్కై సాఫ్ట్‌వేర్ దీన్ని తెచ్చింది. ఆ కంపెనీయే తర్వాత ఈహెల్ప్ అయింది. 2003లో మాక్రోమీడియా దాన్ని కొన్న కొంతకాలానికి కొత్త వెర్షన్ల పని ఆగిపోయింది. రోబోహెల్ప్‌లో పని చేసిన కొందరు బయటికొచ్చి 2005లో మ్యాడ్‌క్యాప్ అనే కంపెనీ పెట్టారు, దీనికి పోటీ టూల్ అయిన ఫ్లేర్ అలా పుట్టింది. అదే ఏడాది చివర్లో మాక్రోమీడియా అడోబీ చేతికి వచ్చింది. ఇక పోయిందనుకున్న రోబోహెల్ప్‌కి 2007లో ఆరో వెర్షన్ వచ్చింది.

నాకు దీనిలో బాగా నచ్చినవి కండిషనల్ ట్యాగులు. అడ్మిన్‌కి మాత్రమే కనిపించాల్సిన పేరాకి ట్యాగ్ తగిలిస్తే చాలు, మామూలు యూజర్‌కి ఇచ్చే హెల్ప్ జనరేట్ చేసినప్పుడు ఆ పేరా దానంతటదే తప్పుకుంటుంది. టాపిక్ (ఒక హెల్ప్ పేజీ) ఒక్కటే, అవుట్‌పుట్‌లు రెండు. రిలీజ్ ముందురోజు ప్రోడక్ట్ పేరు మార్చారంటే ఆ పేరుని దాచుకున్న వేరియబుల్‌లో ఒక్కచోట దిద్దితే అన్ని పేజీల్లోనూ మారిపోతుంది. ఈ సుఖం వర్డ్‌లో రాసేవాళ్లకు ఎంత చెప్పినా తెలియదు.

2019 వెర్షన్‌ని అడోబీ మొత్తం కొత్తగా కట్టింది. పాత ప్రాజెక్టుల్ని కొత్త ఫార్మాట్‌లోకి మార్చుకోవాల్సి వచ్చింది. మార్చాక లింకులన్నీ మళ్లీ చూసుకునేదాకా టెన్షనే. అసలు చిక్కు ఎక్కడుందో అప్పుడే బాగా అర్థమైంది. టాపిక్‌లు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లే కాబట్టి నోట్‌ప్యాడ్‌లోనూ తెరుచుకుంటాయి, మనం రాసింది ఎక్కడికీ పోదు. కండిషన్లు, వేరియబుళ్లు, స్నిపెట్‌లు (పలుచోట్ల మళ్లీ వాడుకునే ముక్కలు) మాత్రం ఈ టూల్‌కే తెలిసిన గుర్తులు. ఎఫ్‌1 నొక్కితే ఏ స్క్రీన్‌కి ఏ టాపిక్ రావాలో చెప్పే మ్యాప్ ఐడీలు ఇంకా నాజూకు. ఒక్క నంబరు తేడా వచ్చినా యూజర్‌కి సంబంధం లేని పేజీ తెరుచుకుంటుంది.

ఇప్పుడు చాలా టీమ్‌లు మార్క్‌డౌన్‌లో (చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్) రాసి, కోడ్‌తోపాటే గిట్‌లో (మార్పుల చరిత్రను దాచే టూల్) పెట్టుకుంటున్నాయి. ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌తో మాట్లాడే దారి) డాక్యుమెంటేషన్ మొదలుపెట్టేవాళ్లకు నేనూ అదే చెబుతాను. కానీ ఒకే ప్రోడక్ట్‌ని పలు క్లయింట్లకు వేర్వేరుగా ఇస్తూ, పీడీఎఫ్ కూడా అడిగేచోట రోబోహెల్ప్‌ని ఇప్పటికీ ధైర్యంగా సిఫార్సు చేస్తాను. పెద్ద ప్రాజెక్టు ఇప్పటికే దీనిలో ఉంటే, భయపడి మారాల్సిన తొందరేమీ లేదు. ప్రతి రిలీజ్‌కీ జనరేట్ అయిన హెచ్‌టీఎంఎల్, మ్యాప్ ఫైలు, ఏ ట్యాగ్ దేనికో రాసిన చిన్న పట్టిక కంపెనీ ఫైళ్లు దాచే రిపాజిటరీలో విడిగా పెట్టండి. రేపు టూల్ మార్చాల్సి వస్తే ముందుగా వెతుక్కునేది ఆ పట్టికనే.