అమౌంట్ బాక్స్‌లో కామాలు ఎప్పుడు పెట్టాలి: కొడుతుండగానా, కొట్టేశాకా?

వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు హోల్‌సేల్‌గా అమ్మేవాళ్ల కోసం బిల్లుల యాప్ ఒకటి రాస్తున్నా, అందులో అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది ఒక్క అమౌంట్ బాక్సే. మూడు రకాలుగా చేసి చూశా.

మొదటిది పైసల వైపు నుంచి నింపుకుంటూ రావడం. బాక్స్‌లో ముందే ₹0.00 ఉంటుంది, అంకెలు కొట్టేకొద్దీ కుడి నుంచి ఎడమకి జరుగుతాయి, చుక్క కొట్టే పనే లేదు. కోడ్ చాలా తేలిక, అంకెలు మాత్రం ఏరుకుని 100తో భాగిస్తే సరి, కర్సర్ ఎప్పుడూ చివరే ఉంటుంది, నాకైతే తెగ నచ్చేసింది. తీసుకెళ్లి హార్బర్‌లో ఓ కుర్రాడి చేతిలో పెట్టా. తడి చేత్తోనే వంజరం బిల్లు 4500 కొట్టాడు, 45.00 అని వచ్చింది. "ఏటన్నా ఇది, నలభై అయిదు వందలు కొడితే నలభై అయిదు రూపాయలు చూపిస్తంది?" అన్నాడు. నిజమే కదా, 25 పైసల నాణెమే 2011లో చెల్లకుండా పోయింది, ప్రతి బిల్లుకీ రెండు సున్నాలు అదనంగా కొట్టమంటే ఎవరు కొడతారు చెప్పండి. పెట్రోల్ బిల్లులా పైసలు తప్పకుండా ఉండే చోట అయితే ఇదే పెట్టుకోండి.

రెండోది, కొడుతుండగానే కామాలు పడటం. చూడ్డానికి ఇదే బాగుంటుంది, లొకేల్ (ఏ దేశం పద్ధతిలో అంకెలు చూపాలో చెప్పే సెట్టింగ్) ఇండియాకి పెడితే 1,25,000 అని మన లక్షల లెక్కలోనే వస్తుంది, అమెరికాది వదిలేస్తే 125,000 అవుతుంది. కానీ కష్టాలన్నీ ఇక్కడే. 12,500ని 13,500 చేద్దామని 2 పక్కన కర్సర్ పెట్టి చెరిపితే బాక్స్ 1,500గా మారి కర్సర్ చివరికి ఎగిరిపోతుంది, అది చూసుకోకుండా 3 కొడితే 15,003. అలాగే 12.05 కొడదామంటే "12." దగ్గరే ఫార్మాటర్, అంటే కామాలు పెట్టే కోడ్, చుక్కని మింగేస్తుంది, చుక్క వదిలినా తర్వాతి సున్నాని తీసేస్తుంది. కర్సర్‌కి ఎడమ పక్కన ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టి, కామాలు పడ్డాక మళ్లీ అన్ని అంకెల తర్వాతే దాన్ని పెట్టాలి. ఓపికుంటే చెయ్యొచ్చు, చేస్తే మాత్రం పూర్తిగా చెయ్యాలి.

మూడోది నేను ఉంచేసుకున్నది. బాక్స్‌లో ఉన్నంతసేపు ఉత్త అంకెలు, ఒకే చుక్క, దాని తర్వాత రెండు అంకెలకి మించనివ్వను. బయటికి రాగానే ₹1,25,000.00, మళ్లీ తాకితే 125000. దీనికున్న లోపం ఒక్కటే, కొడుతున్నప్పుడు సున్నాలు ఎన్నో కంటికి ఆనవు, అందుకని బాక్స్ కింద చిన్న లైన్‌లో కామాలతో అమౌంట్ చూపిస్తున్నా, అది కొట్టేకొద్దీ మారుతుంది, కర్సర్ జోలికి మాత్రం పోదు. ఆ కుర్రాడు ఇప్పుడు కింద లైన్ చూసుకునే సేవ్ నొక్కుతున్నాడు.

ఏది పెట్టుకున్నా డబ్బుని డబుల్‌లో (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే నంబర్ రకం) మాత్రం దాచకండి బాబూ. 1.15ని 100తో గుణిస్తే 114.99999999999999 వస్తుంది, దాన్ని ఇంట్‌గా, అంటే చుక్క తర్వాతది కోసేసి పూర్ణ సంఖ్యగా మారిస్తే 114, అంటే ఒక పైసా పోయినట్టే. బాక్స్‌లోని టెక్స్ట్‌ని చుక్క దగ్గర విడదీసి నేరుగా పైసల్లోకి మార్చి పూర్ణ సంఖ్యగా దాస్తున్నా. సాయంత్రం టోటల్ ఒక్క పైసా తేడా వచ్చినా వాళ్లు ఫోన్ పక్కన పడేసి చిట్టా పుస్తకం తీసేస్తారు.