ఎస్పీ రోడ్డులో ర్యామ్ కొనేవాళ్ళు జాగ్రత్త: ఆ కూడిక నమ్మొద్దు

బెంగళూరు ఎస్పీ రోడ్డులో మెట్లెక్కి వెళ్ళే ఆ షాపు గురించే. మన తెలుగువాళ్ళలో సగంమంది రికమెండ్ చేసేదే కాబట్టి పేరు రాయక్కర్లేదు. "మనోళ్ళే, మోసం ఉండదు" అన్నారుగా, చాలా థాంక్స్.

నా ఉబుంటు (లినక్స్) లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఈ మధ్య నత్తనడక నడుస్తోంది. షాపాయన టాప్ కమాండ్ కొట్టాడు, ఏ ప్రోగ్రామ్ ఎంత మెమరీ తింటోందో చూపేది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు) వరసగా వచ్చాయి, ఒక్కోదానికి ర్యామ్ వాడకం చూపే ఆర్‌ఈఎస్ కాలమ్‌లో 1 జీబీ పైచిలుకు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి నా ముందే కూడాడు. 11 జీబీ! "చూడండన్నా, 8 జీబీ మెషీన్ 11 మోస్తోంది, ఊపిరాడట్లేదు పాపం."

8లో 11 ఎలా పడుతుందని అడిగాను. "స్వాప్‌లోకి పోతుందన్నా" అన్నాడు, తలైనా ఎత్తకుండా. స్వాప్ అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు. అదే స్క్రీన్ మీద, పైవరసలో, స్వాప్ వాడకం సున్నా అని ఉంది. అసలు ఆర్‌ఈఎస్ అంటేనే ఇప్పుడు ర్యామ్‌లో ఉన్న భాగం, స్వాప్‌లోకి పోయినది అందులోకి రాదు. పక్కనే ఎస్‌హెచ్‌ఆర్ అని, వేరే ప్రాసెస్‌లతో పంచుకోగల మెమరీ చూపే ఇంకో కాలమ్ కూడా ఉంది. దాని మీదకి ఆయన వేలు ఒక్కసారీ పోలేదు.

మొత్తం మాయ అక్కడే. పోస్ట్‌గ్రెస్‌లో షేర్డ్ బఫర్లు అని అన్ని ప్రాసెస్‌లకీ కలిపి ఒకే మెమరీ ముక్క ఉంటుంది. నాది 1 జీబీ. దాన్ని తాకిన ప్రతి ప్రాసెస్ ఆర్‌ఈఎస్‌లోనూ అదే ముక్క మళ్ళీ మళ్ళీ లెక్కలోకి వస్తుంది. ఒకే ఫ్లాట్‌లో పదిమంది ఉంటే పది అద్దెలు కూడినట్టు. అద్దె పంచి చూపే లెక్క పీఎస్‌ఎస్: పదిమంది పంచుకున్న 1 జీబీకి ఒక్కొక్కరి ఖాతాలో సుమారు 100 ఎంబీ. ప్రాసెస్‌కి సొంతంగా ఉన్నది మాత్రమే కావాలంటే యూఎస్‌ఎస్. ఇంటికొచ్చి సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఈ లెక్కలు చూపే ఎస్‌మెమ్ టూల్ నడిపితే పోస్ట్‌గ్రెస్ మొత్తం పీఎస్‌ఎస్ 2 జీబీకి కూడా రాలేదు. మొత్తం మెమరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్‌లో అవైలబుల్ (ఇంకా వాడుకోగలిగేది) కింద 3 జీబీకి పైనే ఉంది.

ఆర్‌ఈఎస్‌లోంచి ఎస్‌హెచ్‌ఆర్ తీసేస్తే సొంతది తేలుతుందని కొందరంటారు, అదీ పూర్తిగా నిజం కాదు. ఫోర్క్ అయ్యాక, అంటే ఒక ప్రాసెస్ తనలాంటి పిల్ల ప్రాసెస్‌ని పుట్టించాక, తల్లీపిల్లలు ఇంకా మార్చకుండా పంచుకుంటున్న పేజీలు (మెమరీ ముక్కలు) ఎస్‌హెచ్‌ఆర్‌లో కనపడవు. అందుకే పీఎస్‌ఎస్.

కొత్త ర్యామ్ వేశాక స్పీడు పెరిగిందా? అంగుళం కూడా కదల్లేదు. టాప్‌లో డబ్ల్యూఏ అంకె, అంటే ప్రాసెసర్ డిస్క్ కోసం ఎదురుచూసే సమయం, ఎగిరెగిరి పడుతోంది. లోపల ఉన్నది పాత హార్డ్ డిస్క్, జబ్బు దానిది. ఆ అంకె ఆ రోజూ ఆయన కళ్ళ ముందే ఉంది.

వాపసు అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఇంత తెలిసినోళ్ళు మా దగ్గరికెందుకొచ్చారు సార్?" డబ్బు కట్టేదాకా అన్నా, కట్టాక సార్! పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. 4,800 రూపాయలు పోయినందుకు కాదు, ఆ నవ్వుకి ఇంకా ఒళ్ళు మండుతోంది.

ఎవరైనా ఆర్‌ఈఎస్ కూడి చూపిస్తే ఫ్రీ కొట్టి అవైలబుల్ చూపించమనండి. వాపసు షరతు బిల్లు మీద రాయించుకోండి. ఎక్స్‌చేంజ్ అంటే పాత ర్యామ్ స్టిక్ మాత్రం ఇవ్వకండి. నాది ఇంకా వాళ్ళ డ్రాయర్‌లోనే ఉంది.