మొదటి విదేశీ ట్రిప్: శ్రీలంకలో 8 రోజులు

దేశం దాటడం మొదటిసారి కదా అని 8 రోజుల్లో ఆరు ఊళ్లు రాసుకున్నాం, అమ్మ ఆ కాగితం చూసి "మరి కూర్చునేది ఎప్పుడురా?" అంది. అంతే, అన్నీ కొట్టేసి కొండల్లో ఎల్ల, దక్షిణ తీరంలో ఉనవటున రెండే ఉంచాం. వెళ్లింది 2024 ఫిబ్రవరిలో. దక్షిణ తీరంలో అప్పుడు సముద్రం నెమ్మదిగా ఉంటుంది, మే నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్లేవాళ్లయితే తూర్పున ట్రింకోమలీ వైపు చూసుకోండి.

క్యాండీలో ఒక్క రాత్రి ఆగింది రైలు కోసమే. ఎల్లకి ఆరేడు గంటలు పడుతుంది, అయినా విసుగు రాలేదు, నానూ ఓయా స్టేషన్ దాటాక తేయాకు తోటలు, పొగమంచు, చిన్న చిన్న స్టేషన్లు. ఏసీ బోగీలో కిటికీలు తెరుచుకోవు, అందుకే సెకండ్ క్లాస్ రిజర్వేషన్ తీసుకున్నాం, అదే మంచిదైంది. రిజర్వేషన్ లేకుండా పెద్దవాళ్లతో ఎక్కొద్దు, నిలబడ్డానికి కూడా చోటుండదు.

ఎల్లలో గది వరండాలోంచి కొండ మొత్తం కనిపించేది కానీ రోడ్డు మీంచి గదికి ఎనభై మెట్లు, ఆ సంగతి బుక్ చేసేటప్పుడు ఎక్కడా రాయలేదు. అమ్మ మోకాళ్లు పట్టేశాయి. అక్కడ పనిచేసే కుర్రాడు టీ, టిఫిన్ అన్నీ అడక్కుండానే పైకి తెచ్చిచ్చేవాడు, వాడి మంచితనం వల్లే నెట్టుకొచ్చాం. మెట్లెన్నో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. 1921లో కట్టిన తొమ్మిది కమానుల వంతెనకి మాత్రం తెల్లారగానే వెళ్లాలి, ఎండెక్కితే జనమే జనం.

అక్కణ్నుంచి ఉనవటునకి వ్యాన్ మాట్లాడుకున్నాం, డ్రైవర్ మమ్మల్ని అడక్కుండా రత్నాల షాపు దగ్గర, మసాలా తోట దగ్గర ఆపాడు, గంటన్నర పోయింది. మధ్యలో ఎక్కడా ఆపొద్దని బేరం దగ్గరే చెప్పేయాల్సింది.

ఉనవటున చేరాక ఆ చిరాకంతా పోయింది. ఐదు గదుల గెస్ట్‌హౌస్, ఫ్యాను, దోమతెర, శుభ్రమైన పక్క, గదిలో అంతకుమించి ఏమీ లేదు, రెండు నిమిషాలు నడిస్తే బీచ్. పొద్దున్నే ఇంటావిడ వేడివేడి అప్పాలు (మన తీపి అప్పాలు కావు, బియ్యప్పిండి, కొబ్బరిపాలతో దోసెల్లా పోసేవి) వేసి, పచ్చికొబ్బరి, ఎండుమిర్చి నూరిన పోల్ సంబోల్ పెట్టేవారు, అమ్మ రెండోరోజుకే వంటింట్లోకి వెళ్లి అదెలా చేస్తారో నేర్చేసుకుంది, ఒకళ్ల భాష ఒకళ్లకి రాకుండానే! పౌర్ణమి రోజు పోయ అని సెలవు, మద్యం అమ్మరు, బీచ్ ఎంత ప్రశాంతంగా ఉందో.

గాలె కోట అక్కణ్నుంచి ఆటోలో పావుగంట. పోర్చుగీసువాళ్లు మొదలుపెట్టి డచ్చివాళ్లు పెంచిన కోట, లోపల ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. పాత డచ్ ఇళ్లలో హోటళ్లున్నాయి, చాలా అందంగా ఉన్నాయి కానీ రేటు ఎక్కువ, పైగా నాలాగా పొద్దున లేవగానే నీళ్లలో దిగాలనుకునేవాళ్లకి ఉనవటునే నయం. సాయంత్రాలు మూడుసార్లు వెళ్లాం. మూడోసారి అమ్మ గోడ మీద కూర్చుని, లైట్‌హౌస్ వెనక చీకటి పడేదాకా లేవనంది.