పొందూరు పంచె: జారదు, కానీ గంజితో జాగ్రత్త

వాలుగ చేప దవడతో పత్తి ఏకడం, 100 నంబరు సన్న నూలు, అక్కినేని నాగేశ్వరరావు గారు ఇష్టంగా కట్టడం... పొందూరు ఖద్దరు గురించి ఇవన్నీ మా శ్రీకాకుళంలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ధర సంగతి వదిలేద్దాం. నేను చెప్పొచ్చేది ఒక్కటే: ఈ పంచె జారదు.

పట్టు పంచెతో పెళ్ళికెళ్ళినవాళ్ళకి ఆ టెన్షన్ తెలుసు. ఒక చెయ్యి ఎప్పుడూ నడుం మీదే. అక్షింతలు వేద్దామని చెయ్యెత్తితే చాలు, కుచ్చిళ్ళు దిగిపోతాయి. బెల్టు బిగిస్తే భోజనాల దగ్గర ఊపిరాడదు. పొందూరుది అలా కాదు. చేతినూలు కదా, ఒక పోగు సన్నం, ఒక పోగు కాస్త లావు. ఆ గరుకే మొలతాడుని పట్టుకుంటుందని నా అనుమానం. వైశాఖంలో కరెంటు పోయిన కల్యాణమండపంలో తెల్లారేదాకా వడ్డన చేశాను, గోచీ కదల్లేదు. పైడితల్లి జాతరలో సిరిమాను చూడ్డానికి విజయనగరం వెళ్ళి మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో పడినప్పుడూ అంతే.

ఆ రోజుల్లో ఎవరడిగినా కళ్ళు మూసుకుని కొనెయ్యమనేవాణ్ణి. ఇప్పుడు గంజి సంగతి కూడా చెబుతున్నాను.

గంజి లేకపోతే కుచ్చిళ్ళు నిలబడవు. ఎక్కువైతే మడత దగ్గర గండం. మా తమ్ముడి గృహప్రవేశానికి ముందు ఇంట్లో తీరిక లేక లాండ్రీకి ఇచ్చాం. అతను ఏం పెట్టాడో గానీ, పంచె అప్పడంలా తిరిగొచ్చింది. మడతల మీదే ఇస్త్రీపెట్టె బలంగా నొక్కేశాడు. చూపుకి మాత్రం కొత్తదానికంటే బాగుంది. పెద్దవాళ్ళమని మమ్మల్నే వ్రతానికి పీటల మీద కూర్చోమన్నారు. కూర్చోబోతే పర్రుమంది. మోకాలి పక్కన, సరిగ్గా మడత గీత వెంట, బెత్తెడు చీలిక! పంతులు గారు సంకల్పం ఆపలేదు. కండువా ఒళ్ళో పరుచుకుని కథంతా విన్నాను. లేచేసరికి మిగతా పంచె కూడా ముడతలే. "ఏటి బావా, పంచి కట్టుకునే తొంగున్నావేటి?" అన్నాడు మా బావమరిది, అందరూ వినేలా.

లాండ్రీ అతన్ని అడిగితే "పాత బట్ట సార్" అన్నాడు. ఉతికేకొద్దీ మెత్తబడే బట్ట అది, పాతదట! చీలికకి రఫూ చేయించాను, దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియదు. ఇప్పుడు గంజి పల్చగా నేనే కాస్తున్నాను, మడత పెట్టకుండా చుట్టి దాస్తున్నాను. పసుపు మరక పడితే మాత్రం భయం లేదు. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది గానీ ఎండలో ఆరేస్తే పోతుంది.

పైన మెరిసే పట్టు లాల్చీ వేయకండి. ఈ పంచెది మీగడ రంగు, పట్టు పక్కన వెలిసిపోయినట్టుంటుంది. సన్న ఎర్రంచు పంచె, నూలు లాల్చీ, అదే అంచు కండువా చాలు.

నేను బక్కపల్చటి మనిషిని, గంజి కాచే ఓపికుంది, పెళ్ళిళ్ళలో కూర్చోవడం కంటే తిరగడమే ఎక్కువ. పెళ్ళికొడుకై గంటల తరబడి పీటల మీద, ఆ తర్వాత ఫొటోల్లో ఉండాల్సినవాళ్ళకి పట్టే నయమేమో. ఏడాదికోసారి కట్టేవాళ్ళకి ఆ అంటించుకునే రెడీమేడ్ పంచెలున్నాయి, నాకు నచ్చవు గానీ పని జరుగుతుంది. నేనైతే మాఘంలో మేనకోడలి పెళ్ళికి పొందూరుదే ఇంకొకటి తీసుకుంటాను, వడ్డన నా మీదే ఉంది కాబట్టి.